సిర్రోసిస్ ఉన్న నాన్నకు లివర్‌లో ఒక భాగం పెరిగిందట, క్యాన్సరేనా?

తెనాలి అమ్మాయి:
మా నాన్నగారికి 63 ఏళ్లు. మందు ముట్టని మనిషి, కానీ ఇరవై ఏళ్లుగా షుగర్. రెండేళ్ల క్రితం సిర్రోసిస్ (లివర్ మచ్చలు పడి గట్టిపడే జబ్బు) అని తేలింది. మొన్నటి అల్ట్రాసౌండ్‌లో లివర్ కుడివైపు కుంచించుకుపోయిందని, కాడేట్ లోబ్ (లివర్ వెనకవైపు ఉండే చిన్న భాగం) పెరిగిందని, కుడివైపే 1.4 సెంటీమీటర్ల గడ్డ కనిపిస్తోందని రాశారు. ఏఎఫ్‌పీ (లివర్ క్యాన్సర్ అనుమానం ఉంటే చేసే రక్తపరీక్ష) 7 వచ్చింది. నార్మలే కదా, ఇక భయం లేదంటున్నారు మా బాబాయి. అమ్మకు మాత్రం రాత్రిళ్లు నిద్ర లేదు. పెరిగిందంటే క్యాన్సరేనా? ముక్క తీసి పరీక్ష చేయించాలా?

విశాఖ రేడియాలజిస్ట్:
అమ్మా, ఆ రిపోర్టులో రెండు వేర్వేరు సంగతులున్నాయి. కాడేట్ లోబ్ పెరగడం సిర్రోసిస్‌లో మేం తరచూ చూసేదే. కుడివైపు ఎండిపోతుంటే ఆ లోటు పూడ్చడానికి ఇది పెరుగుతుంది. అంచు నున్నగా ఉండి, రక్తనాళాలు పక్కకు నెట్టుకుపోకుండా మామూలుగా సాగుతుంటే దాని గురించి టెన్షన్ వద్దు.

తేల్చుకోవాల్సింది ఆ గడ్డ సంగతి. ఏఎఫ్‌పీ నార్మల్‌గా ఉన్నా క్యాన్సర్ ఉండొచ్చు, నేను చూశాను. కాబట్టి బాబాయి గారి మాట మీద ఆగిపోకండి. సిర్రోసిస్‌లో మళ్లీ పుట్టే మామూలు గడ్డలకు రక్తం ఎక్కువగా పోర్టల్ సిర (పేగుల నుంచి లివర్‌కు రక్తం తెచ్చే నాళం) నుంచే వస్తుంది, క్యాన్సర్ గడ్డకు ధమని నుంచి. అందుకే ట్రైఫేజిక్ సీటీలో (మూడు దశల్లో తీసే స్కాన్) నరంలోకి కాంట్రాస్ట్ మందు ఎక్కించాక క్యాన్సర్ గడ్డ ముందు మెరుస్తుంది, తర్వాతి దశల్లో చుట్టుపక్కల కంటే నల్లబడుతుంది. సెంటీమీటరు దాటిన గడ్డలో ఈ రెండూ స్పష్టంగా కనిపిస్తే, సిర్రోసిస్ రోగుల్లో చాలాసార్లు ముక్క తీయకుండానే నిర్ధారిస్తాం. షుగర్ ఉంది కాబట్టి ముందు క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష) చూపించండి. పాత స్కాన్ ఫిల్ములు తప్పకుండా తీసుకెళ్లండి, ఆ గడ్డ అప్పుడు ఉందా లేదా అన్నది చాలా చెబుతుంది.

కరీంనగర్ నుంచి:
మా అమ్మకు ఇలాగే 1.2 సెంటీమీటర్ల గడ్డ కనిపించింది. ఎంఆర్ఐలో లైరాడ్స్ 3 అని రాశారు, అంటే అటూ ఇటూ తేలలేదని. మూడు నెలలకు మళ్లీ తీశారు, సైజు మారలేదు. ఆ మూడు నెలలూ ఇంట్లో ఎవరికీ అన్నం సహించలేదు. ఇప్పుడు ప్రతి ఆరు నెలలకూ అల్ట్రాసౌండ్ చేయిస్తున్నాం, పెళ్లి ఉన్నా పండగ ఉన్నా వాయిదా వేయం.

తెనాలి అమ్మాయి:
డాక్టర్ గారూ, అక్కా, ఇద్దరికీ దండాలు. క్రియాటినిన్ 1.1 వచ్చింది. బుధవారం సీటీ. రెండేళ్ల నాటి ఫిల్ములు అమ్మ బీరువాలో పట్టుచీరల కింద దాచింది, దొరికాయి.