అద్దె ఇంటి వైఫైలో మా ప్రింటర్ అందరికీ కనిపిస్తోంది, ఆపేదెలా?

కడప_టు_మారతహళ్ళి:
మూడంతస్తుల ఇంట్లో పై వాటాలో ఉంటున్నాం. అన్ని వాటాలకూ ఓనర్ ఇచ్చిన వైఫై ఒక్కటే, దాని డబ్బులు అద్దెలోనే కలిసిపోతాయి. మా ఆవిడ ట్యూషన్లు చెబుతుంది. పిల్లల ప్రశ్నపత్రాల కోసం ఇంక్ ట్యాంక్ ప్రింటర్ కొన్నాం. కింది వాటాల వాళ్ల ఫోన్లలో కూడా అదే కనిపిస్తోంది, ఎవరెవరి కాగితాలో మా ట్రేలో పడుతున్నాయి. ఇంకు సంగతి సరే, ఒకరి ఆధార్ కాపీ ట్యూషన్ పిల్లల చేతికి వస్తుంటే టెన్షన్‌గా ఉంది. రూటర్ పాస్‌వర్డ్ ఓనర్ దగ్గరే ఉంది. మా ల్యాప్‌టాప్, రెండు ఫోన్లు తప్ప ఇంకేవీ ప్రింట్ ఇవ్వకుండా చేయడం కుదురుతుందా?

వేళచ్చేరి_వాసి:
మేం చెన్నైలో రూటర్‌లో మ్యాక్ ఫిల్టర్ (పరికరం గుర్తింపు నంబర్, అంటే మ్యాక్ అడ్రస్, చూసి వైఫైలోకి రానిచ్చే ఏర్పాటు) పెట్టి చూశాం. అది ప్రింటర్‌కు కాదండీ, మొత్తం వైఫైకే తాళం. పైగా ఆండ్రాయిడ్ 10, ఐఓఎస్ 14 నుంచి ఫోన్లు తమ అసలు మ్యాక్ అడ్రస్ చెప్పవు, ఒక్కో వైఫైకి ఒక్కోటి చూపిస్తాయి. ఫిల్టర్‌లో అసలుది రాస్తే మన ఫోనే బయట ఉండిపోతుంది. రూటర్ మీ చేతిలో లేదు కాబట్టి ఆ దారి వదిలేయండి.

అనంతపురం_అక్క:
ముందు ప్రింటర్ ఐపీ అడ్రస్‌ను (నెట్‌వర్క్‌లో దానికుండే నంబర్) బ్రౌజర్‌లో కొట్టి, వచ్చే పేజీలో అడ్మిన్ పాస్‌వర్డ్ మార్చు తమ్ముడూ. లేకపోతే నువ్వు ఆపినదాన్ని ఇంకొకరు మళ్ళీ ఆన్ చేస్తారు. అక్కడే బాంజూర్, ఎయిర్‌ప్రింట్ (ప్రింటర్‌ను ఫోన్లకు చూపించే సదుపాయాలు) ఆపితే ఫోన్ల జాబితాలోంచి పోతుంది. అది దాచడమే, ఆపడం కాదు. ఐపీ తెలిసినవాళ్లు 9100 పోర్టుకు (ప్రింటర్ నెట్‌వర్క్‌లో ప్రింట్లు అందుకునే ద్వారం) నేరుగా పంపితే చాలా ప్రింటర్లు ఏమీ అడగకుండా ముద్రిస్తాయి. 2018లో ఇంటర్నెట్‌కు తెరిచి ఉన్న వేల ప్రింటర్లలో ఒక యూట్యూబ్ చానెల్ ప్రచారం అచ్చయింది ఈ పోర్టు ద్వారానే. ఆఫీస్ మోడళ్లలో ఫలానా ఐపీలకే అనుమతి ఇచ్చే ఫిల్టర్ ఉంటుంది, నీదాంట్లో ఉందేమో చూడు.

కడప_టు_మారతహళ్ళి:
ఫిల్టర్ లేదక్కా. పాస్‌వర్డ్ పెట్టి ఎయిర్‌ప్రింట్ ఆపాను, ఇప్పుడు మా ఐఫోన్‌కే కనిపించడం లేదు.

నెల్లూరు_నెట్‌వర్క్:
ఫిల్టర్ లేని ప్రింటర్‌కు నమ్మకమైన దారి ఒకటే అన్నా. నీదైన చిన్న రూటర్ కొను. ఓనర్ ఇచ్చిన లాన్ కేబుల్ ఉంటే కొత్త రూటర్ వాన్ పోర్టుకు (బయటి నెట్ అందుకునే సాకెట్) పెట్టు, కేబుల్ లేకపోతే ఓనర్ వైఫైనే అందుకుని వాడే డబ్ల్యూఐఎస్‌పీ మోడ్ ఉన్నది చూసుకో. రూటర్ మోడ్‌లోనే ఉండాలి, ఇది ముఖ్యం. రిపీటర్ గానీ యాక్సెస్ పాయింట్ గానీ చేస్తే, అంటే ఓనర్ నెట్‌వర్క్‌నే పొడిగిస్తే, అందరూ మళ్ళీ ఒకే నెట్‌వర్క్‌లో ఉంటారు, పెట్టిన డబ్బు దండగ. ఓనర్ రూటర్ ఇచ్చే ఐపీ అడ్రస్‌లు 192.168.1 వరుసలో ఉంటే నీది వేరే వరుసలో పెట్టు. ప్రింటర్‌లో పాత వైఫైని చెరిపేసి, మీ ల్యాప్‌టాప్, ఫోన్లతో పాటు కొత్తదానికి కలుపు. మీకు నెట్ మామూలుగానే వస్తుంది. కింది వాటాల నుంచి మాత్రం ప్రింటర్ దాకా దారి ఉండదు. అప్పుడు ఎయిర్‌ప్రింట్ నిశ్చింతగా ఆన్ చేసుకోవచ్చు.

అనంతపురం_అక్క:
ఇది నేనూ ఒప్పుకుంటాను. కానీ వైఫై డైరెక్ట్ కూడా ఆపు. అది ప్రింటర్ సొంతంగా ఇచ్చే సిగ్నల్, దానికి రూటర్‌తో పనే లేదు. కొన్ని మోడళ్లలో కంపెనీ పెట్టిన పాస్‌వర్డ్ 12345678, ఎవరైనా ఊహించగలరు.

బీటీఎం_పీజీ:
మా పీజీ వైఫైలో ఒక పరికరానికి ఇంకొకటి కనిపించదు, ఐసొలేషన్ పెట్టారు. నా ప్రింటర్ నాకే దొరకలేదు. యూఎస్‌బీ కేబుల్ పెట్టి ప్రింటర్ వైఫై ఆపేశాను. ఫోన్ నుంచి ప్రింట్ అక్కర్లేని వాళ్లకు ఇదే చవక.

కడప_టు_మారతహళ్ళి:
ఓనర్‌కు ముందే చెప్పి రూటర్ పెట్టాను, వైఫై డైరెక్ట్ ఆపాను. ల్యాప్‌టాప్‌లో పాత ప్రింటర్‌ను తీసేసి మళ్ళీ చేర్చాల్సి వచ్చింది, అంతే. కింది వాటా వాళ్ల ఫోన్లలో ఇప్పుడు కనిపించడం లేదు. వాళ్లకు ఏదైనా కావాలంటే ఫైల్ వాట్సాప్ చేయమన్నాం, మా ఆవిడ ప్రింట్ తీసి ఇస్తుంది. అందరికీ థాంక్స్.