అప్‌డేట్: ప్రోనోటుకు కాలదోషం పట్టలేదు, దావా వేశాం

2022 ఏప్రిల్‌లో నాన్న మా బంధువుకు రెండు లక్షలు అప్పిచ్చి రాయించుకున్న ప్రోనోటుకు (అప్పు తీరుస్తానని రాసిచ్చే పత్రం) దావా వేసే గడువు మూడేళ్లూ దాటిపోయాయి, ఇక డబ్బు పోయినట్టేనా అని అడిగాను కదా. నోటు వెనక చూడమన్నవాళ్లకు దండం. అనంతపురంలో లాయరు గారు కూడా మొదట తిప్పి చూసింది అదే: 2023 డిసెంబరులో ఆ బంధువు పదివేలు కట్టి, తన చేత్తోనే చెల్లు (ఇంత కట్టానన్న రాత) రాసి సంతకం పెట్టాడు. గడువు లోపల అలా రాసిస్తే దావాలకు గడువు చెప్పే లిమిటేషన్ చట్టం 19వ సెక్షన్ ప్రకారం ఆ తేదీ నుంచి మళ్లీ మూడేళ్లు. ఆయన సంతకం లేకుండా నాన్నే రాసుకుని ఉంటే పనికొచ్చేది కాదు.

లీగల్ నోటీసు పంపితే గడువు ఆగుతుందన్నారు కొందరు, ఆగదు, దావా వేయాల్సిందే. "ఇస్తాలే" అన్న నోటిమాటలూ లెక్కలోకి రావు. సోమవారం దావా వేశాం. ఆ రాత్రి నాన్న టెన్షన్ లేకుండా నిద్రపోయాడు.