కాపోన్ రివాల్వర్ అంటున్నారు, ఉత్తరం చూసి నమ్మొచ్చా?

మిషిగన్ తెలుగోడు:
అందరికీ నమస్కారం. పన్నెండేళ్లుగా పాత తుపాకులు సేకరిస్తున్నాను. ఇక్కడొకాయన కోల్ట్ కంపెనీ 38 క్యాలిబర్ రివాల్వర్ అమ్ముతున్నాడు. అప్పటి పేరుమోసిన ముఠా నాయకుడు అల్ కాపోన్ షికాగోలో ఉన్న రోజుల్లో అతని జేబులో ఉండేదట. ఆధారం టైపు కొట్టిన ఒక ఉత్తరం, కింద నోటరీ ముద్ర. మామూలు ధరకి ఆరింతలు అడుగుతున్నాడు. ఇలాంటివి కొన్నవాళ్లెవరైనా ఉన్నారా?

పాత ఇనుము:
నోటరీ చూసేది సంతకం ఎవరిదన్నదే, లోపల రాసింది నిజమా కాదా అని కాదండీ. నేను అలాగే మోసపోయాను. సిలిండర్ పక్కకి తెరిస్తే సీరియల్ నంబర్ కనిపిస్తుంది. అది పంపి ఫీజు కడితే, ఫ్యాక్టరీ నుంచి ఎప్పుడు, ఎవరికి పంపారో కోల్ట్ వాళ్లు పాత రికార్డులు చూసి రాసిస్తారు. నాకొచ్చిన కాగితంలో 1935 అని ఉంది. అప్పటికి కాపోన్ అల్కాట్రాజ్ జైల్లో ఉన్నాడు! 1931లో పన్నుల కేసులో శిక్షపడ్డవాడు మళ్లీ బయటికొచ్చింది 1939 నవంబర్లోనే. డబ్బు పోతే పోయింది, నాలుగేళ్లపాటు ఇంటికొచ్చిన ప్రతివాళ్లకీ దాన్ని చూపించి అబద్ధం చెప్పానే అన్నదే ఇప్పటికీ బాధ.

బే ఏరియా అక్క:
తేదీ కుదిరినంత మాత్రాన అతనిదే అనలేం. ఎవరి చేతిలోంచి ఎవరి చేతికొచ్చిందో మధ్యలో తెగకూడదు. 2021 అక్టోబర్లో ఇక్కడ కాలిఫోర్నియాలో కాపోన్ 45 కోల్ట్ వేలంలో 8,60,000 డాలర్లు పలికింది, కమిషన్ కాకుండానే. అమ్మింది సొంత మనవరాళ్లు. తాత, నాన్నమ్మ మే, నాన్న సనీ, ఆ తర్వాత వాళ్లు. ఇల్లు దాటలేదు. 2011లో లండన్‌లో క్రిస్టీస్ వేలంలో 67,250 పౌండ్లకి పోయిన 38 కోల్ట్‌కి కూడా అతని అన్న రాల్ఫ్ భార్య సంతకం చేసిన ఉత్తరం ఉంది.

గుళ్ల గీతలు:
తమ్ముడూ, మీ రాష్ట్రంలోనే అసలైన ఉదాహరణ ఉంది. బెరియన్ కౌంటీ షెరిఫ్ దగ్గర రెండు థాంప్సన్ సబ్‌మెషిన్ గన్లున్నాయి. 1929 డిసెంబర్లో సెయింట్ జోసెఫ్ ఊళ్లో ఫ్రెడ్ బర్క్ అనే గ్యాంగ్‌స్టర్ ఒక పోలీసుని కాల్చి పారిపోతే, అతనింట్లో సోదా చేసినప్పుడు దొరికాయి. ఆ పోలీసు పేరు చార్ల్స్ స్కెల్లీ. బర్క్ పేరు ఎత్తే ప్రతిచోటా ఆ పేరు కూడా వినపడాలని నా కోరిక. తుపాకీ గుర్తుల్ని పరీక్షించే నిపుణుడు కాల్విన్ గొడార్డ్ ఆ గన్లు కాల్చి చూసి, గుళ్ల మీద గీతల్నీ, తోటాల మీద గుర్తుల్నీ మైక్రోస్కోపు కింద పోల్చాడు. ఆ ఏడాది ఫిబ్రవరి 14న షికాగోలో ఒక గరాజ్‌లో, కాపోన్ ముఠా పనేనని చెప్పుకునే కాల్పుల్లో, ఏడుగురిని చంపినవి ఇవేనని తేలింది. అప్పట్నుంచీ ఆ కౌంటీ అధీనంలోనే ఉన్నాయి.

మిషిగన్ తెలుగోడు:
అందరికీ ధన్యవాదాలు. నిన్న సాయంత్రం మళ్లీ వెళ్లాను. నంబర్ ఫోటో తీసుకుంటానంటే ఆయన ఒప్పుకోలేదు. ఉత్తరం రెండుసార్లు చదివాను, అందులో సీరియల్ నంబరే లేదు. "ఒక కోల్ట్ రివాల్వర్" అని మాత్రమే ఉంది. అది ఏ తుపాకీ పక్కన పెట్టినా సరిపోతుంది. వద్దని చెప్పి వచ్చేశాను.

పాత ఇనుము:
మంచి పని చేశారండీ. ఆ ఉత్తరం కింద సంతకం ఎవరిది? నా దగ్గరున్నదాంతో పోల్చి చూస్తాను.