మామగారి జనతా వాచీ: 35 మి.మీ. నా చేతికి మరీ చిన్నదా?

కీవాచీ, బెంగళూరు:
పోయిన నెల మా మామగారు తన హెచ్‌ఎంటీ జనతాను నా చేతిలో పెట్టి, "కట్టుకుంటావనే ఇస్తున్నాను, బీరువాలో దాచడానికి కాదు" అన్నారు. ఉద్యోగంలో చేరిన కొత్తలో కొన్నదట. తెల్ల డయలు, రోజూ పొద్దున కీ ఇవ్వాలి. రోజుకొక నిమిషం వెనకబడుతుంది, దాంతో నాకు పేచీ లేదు. పేచీ అంతా సైజుతోనే. పదేళ్ళుగా నేను కట్టింది 44 మి.మీ. వాచీ. అది తీసి ఇది పెట్టుకుంటే చేతికి బొట్టుబిళ్ళ అంటించినట్టుంది. మారతహళ్ళిలో మా ఆఫీసులో ఒకాయన "మీ ఆవిడదా?" అని అడిగాడు కూడా. కొలిస్తే 35 మి.మీ. వచ్చింది. నా మణికట్టు చుట్టుకొలత 17 సెం.మీ. మామగారు వరలక్ష్మీ వ్రతానికి వస్తున్నారు. ఆ ఒక్క రోజు కట్టుకుని మర్నాడు తీసి దాచేయడం నాకు నచ్చడం లేదు. చిన్న వాచీకి మీరంతా ఎలా అలవాటు పడ్డారు?

సెకన్లముల్లు, జాలహళ్ళి:
ముందు ఆ 44ను రెండు వారాలు సొరుగులో పడేయండి బాబూ. రెండూ మార్చి మార్చి కడుతుంటే కన్ను ఎప్పటికీ కుదుటపడదు.

ఇక కొలత సంగతి. అందరూ అడ్డం కొలతే చెబుతారు గాని, చేతి మీద కూర్చునేది నిలువు. బెల్టు తగిలించే కొమ్ములున్నాయే, పై కొమ్ము చివర నుంచి కింది కొమ్ము చివర దాకా కొలవండి. నా జనతాకు 41 మి.మీ. వచ్చింది. తరువాత మణికట్టు పైభాగం చదునుగా ఎంత మేర ఉందో చూడండి. కొమ్ములు ఆ చదును దాటి గాలిలో నిలబడితే అది మీకు పెద్ద వాచీ, దుకాణంవాడు ఏం చెప్పినా సరే. మీ 44ను కూడా ఇలాగే కొలిచి ఇక్కడ రాయండి, నాకొక అనుమానం ఉంది.

1961లో జపాన్‌ సిటిజన్‌ సహకారంతో హెచ్‌ఎంటీ ఇక్కడ వాచీల తయారీ మొదలుపెట్టిన రోజుల్లో ఈ సైజే మగవాళ్ళ వాచీ. ఆడవాళ్ళవి వేరే, బఠాణీ గింజలంత. నా దగ్గర హెచ్‌ఎంటీ వాళ్ళదే నల్ల డయలు 'పైలట్‌' వాచీ కూడా ఉంది, అదీ దాదాపు 35. పక్కపక్కన పెడితే తెల్లదే పెద్దదిగా కనిపిస్తుంది. కాబట్టి మీకు దక్కింది నయమైనదే.

ఒక్క మాట మాత్రం గట్టిగా చెబుతాను: మెరుగు పెట్టించకండి. చిక్కపేటలో ఒక దుకాణంలో బెల్టు మార్చమని ఇస్తే, అడగకుండానే నా వాచీని రుద్ది తళతళలాడించి ఇచ్చారు. కొమ్ముల అంచులు కరిగి సబ్బుబిళ్ళలా తయారైంది. కొలత పెద్దగా తగ్గలేదు, కాని చూపుకు మునుపటికన్నా చిన్నదైపోయింది. పైగా 18 మి.మీ. సందులో 20 బెల్టును కుక్కారు. ఇప్పటికీ తలుచుకుంటే ఒళ్ళు మండుతుంది.

పాతపట్టీ:
పాతవన్నీ చిన్నవేనని మాత్రం అనుకోకండి. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్‌ వైమానిక దళం వాడిన వాచీలు 55 మి.మీ., కోటు చేతి మీదుగా కట్టుకునేవారు. మన పైలట్‌ చూస్తే 35! నా మటుకు 38కి తక్కువైతే వద్దు. యాభై దాటాక కళ్ళజోడు లేకుండా టైము కనబడాలి కదా. అభిరుచి సంగతి తరువాత.

మల్లెపందిరి, మల్లేశ్వరం:
"మీ ఆవిడదా" దగ్గరే నేను ఆగిపోయాను. అమ్మ ఇచ్చిన బుల్లి వాచీలో టైము చూడాలంటే కిటికీ దగ్గరికి వెళ్ళాల్సి వచ్చేది. నాన్న వాచీ తీసుకుని నాలుగేళ్ళయింది, అదీ 35. నా చేతికి అచ్చంగా సరిపోయింది. ఇంతకీ అది మీ మామగారిది అంటున్నారు, అంటే ఆవిడ పుట్టింటి వాచీ. ఆవిడను అడిగారా?

కీవాచీ:
సెకన్లముల్లు గారూ, కొలిచాను. మణికట్టు చదును 51, 44 వాచీ నిలువు 53. మీ అనుమానం ఇదేనేమో. జనతా 41 దగ్గరే ఉంది, రెండు వైపులా చోటు మిగిలింది. పది రోజులుగా అదే కడుతున్నాను. నిన్న ఎందుకో 44 పెట్టుకుంటే డబ్బా మూత కట్టినట్టుంది.

మల్లెపందిరి గారూ, అడిగాను, అడగకుండా ఉండవలసింది. శని, ఆదివారాలు తనవేనట. బెల్టుకు ఇప్పటికే ఇంకో రంధ్రం పొడిచింది. 18 మి.మీ.లో ఇద్దరికీ నప్పే తోలు బెల్టు, వీలైతే ముదురు గోధుమరంగుది, ఎక్కడ దొరుకుతుందో చెప్పగలరా? ఆ చిక్కపేట దుకాణం తప్ప.