నాన్నకి ప్రొస్టేట్ క్యాన్సర్, ఎముకలకి పాకింది. ఇంజెక్షనా, ఆపరేషనా? అసలు ఎన్నాళ్లు?

బ్రాడీపేట అమ్మాయి:
మాది గుంటూరు. నాన్న మంగళగిరిలో ఉంటారు, 71 ఏళ్లు. నలభై అయిదేళ్లుగా మగ్గం గుంటలో కాళ్లు పెట్టి కూర్చున్న మనిషి కాబట్టి, నడుం నొప్పి అంటే మగ్గం నొప్పే అనుకున్నాం. ఎనిమిది నెలలు ఆయింట్‌మెంట్లు, బెల్టు, కరెంటు పెట్టించుకోవడం. రాత్రి నాలుగైదుసార్లు లేస్తుంటే వయసన్నాం. కిందటి నెల కొత్తపేటలో ఒక డాక్టరుగారు పీఎస్‌ఏ అని ప్రొస్టేట్‌కి చేసే రక్తపరీక్ష రాశారు. 386 వచ్చింది. ల్యాబ్‌వాళ్లు మధ్యలో చుక్క పెట్టడం మర్చిపోయారేమో అనుకున్నా.

బయాప్సీలో గ్లీసన్ (క్యాన్సర్ ఎంత దూకుడుగా ఉందో చెప్పే లెక్క) 4+5. బోన్ స్కాన్‌లో రెండు వెన్నుపూసలు, తుంటి, పక్కటెముకలు. మూడు నెలలకోసారి, మగ హార్మోన్‌ని తగ్గించే హార్మోన్ ఇంజెక్షన్ చేయించండి, లేదంటే బీజాలు తీసేసే చిన్న ఆపరేషన్, రెండింటి పనీ ఒకటే అన్నారు. అప్పట్నుంచి నాన్న నా దగ్గర ఆ ఊసెత్తరు. కూతుర్ని కదా. మా ఆయన్ని వసారాలోకి పిలిచి, "ఈ వయసులో ఇదేం ఖర్మ అల్లుడుగారూ" అన్నారట. నన్ను మాత్రం ఒక్కటే అడిగారు, "ఎన్నాళ్లమ్మా?" అని. ఇలా ఎముకలకి పాకినవాళ్లలో అయిదేళ్లు దాటేది మూడోవంతు మందేనని ఒక అమెరికా లెక్క చదివి ఫోన్ పక్కన పడేశా. ఆయనకి ఏం చెప్పను?

కృష్ణలంక మాస్టారు:
అమ్మా, నాకిది 2020లో తేలింది. నాకూ వెన్నులోనే. లెక్కల మాస్టారుగా రిటైరయ్యాను కాబట్టి ముందు ఆ మూడోవంతు సంగతి చెబుతా. అందులో ఒక్క హార్మోన్ ఇంజెక్షన్‌తో నెట్టుకొచ్చిన పాతకాలం వాళ్లు కూడా ఉన్నారు. 2017లో బయటికొచ్చిన లాటిట్యూడ్ అనే మందుల ట్రయల్‌లో మీ నాన్నగారిలాంటివాళ్లనే తీసుకున్నారు. హార్మోన్ చికిత్స ఒక్కటే అందినవాళ్లలో సగం మంది 36 నెలలు దాటారు. దానికి అబిరాటెరోన్ మాత్రలు కలిపినవాళ్లలో సగం మంది 53 నెలలు దాటారు. కాబట్టి డాక్టరుగారిని "ఇంజెక్షనా, ఆపరేషనా" అనే కాదు, "దానికి తోడు ఏమిస్తారు" అని అడగండి. అబిరాటెరోనో, కీమోనో, ఒంటికి ఏది పడుతుందో ఆయన చూస్తారు.

ఇక ఎన్నాళ్లు అన్నది. నా డాక్టరు "ఇప్పుడు కాదు మాస్టారూ, చికిత్స మొదలయ్యాక ఏడో నెల పీఎస్‌ఏ చూసి అడగండి" అన్నారు. దాటేస్తున్నాడనుకుని కోపమొచ్చింది. తర్వాత చదివితే నిజమే. అబిరాటెరోన్ రాకముందు అమెరికాలో చేసిన పరిశోధనలోనే, ఏడో నెలకి 0.2కో అంతకన్నా కిందకో దిగినవాళ్లలో సగం మంది ఆరేళ్లు దాటారు. 4 పైనే ఆగిపోయినవాళ్లలో సగం మందికి 13 నెలలే. నాది 0.9, నడిమి బ్యాచ్.

నేను ఆపరేషనే చేయించుకున్నా. మర్నాడు ఇంటికొచ్చేశా. పంచె కట్టేవాడికి బయటికేం తెలుస్తుంది! ఒక్కటే బాధ, ఆవిర్లు. సంక్రాంతి చలిలో కూడా చొక్కా విప్పి కూర్చుంటా. "నాకు యాభయ్యేళ్లప్పుడు వచ్చాయి, మీకిప్పుడొచ్చాయి" అని మా ఆవిడ నవ్వుతుంది.

సూర్యారావుపేట మందుల షాపు:
అబిరాటెరోన్ రాస్తే ఒక మాట. మామూలుగా రోజుకి 1000 మిల్లీగ్రాములు, పరగడుపున. వేసుకోవడానికి రెండు గంటల ముందు నుంచి, వేసుకున్నాక గంటదాకా ఏమీ తినకూడదు. ఇడ్లీతో పాటు మింగేస్తే మందు రక్తంలోకి కొన్ని రెట్లు ఎక్కువగా ఎక్కుతుంది. జతగా ఇచ్చే ప్రెడ్నిసొలోన్ చిన్న మాత్రే కదా అని మానేయకండి. బీపీ, పొటాషియం, లివర్ పరీక్షలు తప్పవు. ఎమ్మార్పీకీ అమ్మే ధరకీ చాలా తేడా, మొహమాటపడకుండా నాలుగు షాపులు అడగండి. ముందు ఆసుపత్రిలో ఎన్టీఆర్ వైద్య సేవవాళ్లని కలిసి ఆ పథకంలో ఏది వస్తుందో కనుక్కోండి. గుంటూరు ప్రభుత్వాసుపత్రి (జీజీహెచ్)లో నాట్కో మందుల కంపెనీవాళ్లు కట్టించిన క్యాన్సర్ బ్లాకు మీకు దగ్గరే.

తెనాలి తమ్ముడు:
అక్కా, వెన్నులో ఉందన్నారు కాబట్టి చెబుతున్నా. కాళ్లు తిమ్మిరెక్కినా, తూలినా, ఒంటేలు ఆగిపోయినా తెల్లారేదాకా ఆగొద్దు. కణితి వెన్నుపామును నొక్కుతూ ఉండొచ్చు. మా మావయ్యకి నీరసమనుకుని రెండ్రోజులు సెలైన్ పెట్టించాం. తర్వాత రేడియేషన్ ఇచ్చారు గానీ ఆయన మళ్లీ నడవలేదు. ఇంకోటి, ఇంజెక్షన్ల రకాల్లో కొన్ని మొదట్లో హార్మోన్‌ని ఒక్కసారి పెంచి ఆ తర్వాత దించుతాయి. దానికి ముందుగా వేరే మాత్రలు ఇస్తారు. ఆపరేషన్‌లో ఆ గొడవ లేదు.

బ్రాడీపేట అమ్మాయి:
మాస్టారి జవాబు మా ఆయన నాన్నకి చదివి వినిపించారు. పంచె మాట దగ్గర నవ్వారట, నెల తర్వాత. ఆపరేషన్‌కి ఒప్పుకున్నారు, గురువారం. అబిరాటెరోన్ కూడా మొదలుపెడతారట. ఏడో నెల సంగతి నేనే చెప్పా. వేళ్లు మడిచి లెక్కపెట్టి, "అయితే దసరా వెళ్లాక" అన్నారు.

ఇప్పుడు కొత్త గొడవ. మగ్గం మీద చీర సగంలో ఉంది, గురువారంలోగా పూర్తి చేస్తానని కూర్చుంటున్నారు. ఆ వెన్నుతో కూర్చోవచ్చా? డాక్టరుగారిని అడగడం మర్చిపోయా. రేపు పొద్దున్నే ఫోన్ చేస్తా, ఈలోగా ఎవరికైనా తెలిస్తే చెప్పండి.