స్ప్రెడ్‌షీట్ కాంపోనెంట్ ఎంపికలో ఎక్సెల్‌తో పొంతన ముఖ్యమా, వేగం ముఖ్యమా?

గిండీవాసి:
మిత్రులకు నమస్కారం. శ్రీపెరుంబుదూరులోని ఒక విడిభాగాల కర్మాగారం కోసం మా బృందం వెబ్ అప్లికేషన్ తయారుచేస్తోంది. అక్కడి ఖర్చుల లెక్కలు చూసే కాస్టింగ్ విభాగం వారు ఇన్నేళ్లుగా ఎక్సెల్‌లో వేసుకుంటున్న ఖర్చుల అంచనాలను ఇకపై బ్రౌజరులో వేసుకోవాలి. మా ముందు రెండు కాంపోనెంట్లు (అప్లికేషన్‌లో అమర్చుకునే రెడీమేడ్ భాగాలు) ఉన్నాయి. మొదటిదానిలో వందల ఫంక్షన్లు, ఎక్సెల్ ఫైళ్ల దిగుమతి, ఎగుమతి ఉన్నాయి కానీ లైసెన్సు ఖరీదు ఎక్కువ. రెండవది లక్ష వరుసలు వేసినా తడబడని తేలికైన గ్రిడ్, అయితే ఫార్ములాల సంగతి మనమే చూసుకోవాలి. దేనివైపు మొగ్గమంటారు?

వరుసలవాది:
సందేహం లేకుండా రెండవదే. కంటికి కనిపించే నలభై, యాభై వరుసలకు మాత్రమే పేజీలో మూలకాలు (ఎలిమెంట్లు) సృష్టించి, స్క్రోల్ చేసినప్పుడు వాటినే తిరిగి వాడుకునే కాంపోనెంట్ అయితేనే బ్రౌజరు తట్టుకుంటుంది. వందల ఫంక్షన్లు ఉన్నాయని చూసి డబ్బు పెట్టినవారు చివరకు వాడేది మొత్తం, సగటు, ఇఫ్, పట్టికలో విలువ వెతికే వీలుకప్ వంటి పదిహేనో ఇరవయ్యో మాత్రమే.

గడిలెక్క:
ఫంక్షన్ల సంఖ్యతో నాకూ పని లేదు. ఒకే ఫార్ములాకు రెండు చోట్లా ఒకే జవాబు వస్తుందా అన్నదే నా ప్రశ్న. =-2^2 అని రాస్తే ఎక్సెల్ 4 అంటుంది, పైథాన్ ప్రోగ్రామింగ్ భాషలో అదే లెక్క (-2**2) -4 ఇస్తుంది. తేదీల సంగతి మరీ సున్నితం. 1900 లీపు సంవత్సరం కాకపోయినా, అంతకుముందరి స్ప్రెడ్‌షీట్ ప్రోగ్రామైన లోటస్ 1-2-3తో పొంతన కోసం ఎక్సెల్ ఆ ఏడాది ఫిబ్రవరి 29 ఉన్నట్టుగానే లెక్కించి, ఆ లేని రోజుకు 60 అనే సంఖ్య ఇచ్చింది. నేను మునుపు పనిచేసిన చోట కొన్న కాంపోనెంట్ దీనిని పట్టించుకోలేదు. దిగుమతి చేసిన ఆర్డర్ల గడువు తేదీలన్నీ మరుసటి రోజుకు మారిపోయాయి. తప్పు ఎక్కడుందో పట్టుకోవడానికి నేను వరుసగా ఆరు ఆదివారాలు ఆఫీసులో కూర్చున్నాను.

అడయారుతీరం:
మ్యాక్‌లో తయారైన పాత ఫైళ్లలో లెక్క 1904 నుంచి మొదలవుతుంది, తేడా 1,462 రోజులు. అలాంటి ఫైలు ఒకటి పెట్టి కూడా పరీక్షించండి.

వరుసలవాది:
కాస్టింగ్ షీటులో 1900 నాటి తేదీలు ఎందుకు వస్తాయి? రాని తేదీల కోసం అంత ఖరీదు పెట్టడం నాకు సమంజసంగా తోచడం లేదు.

గడిలెక్క:
నేను రాసినది పూర్తిగా చదివి జవాబివ్వండి. ఎక్సెల్ తేదీని వరుస సంఖ్యగా దాస్తుంది కనుక, ఆ ఒక్క రోజును లెక్కలో కలపకపోతే 1900 మార్చి 1 తర్వాతి ప్రతి తేదీ, ఈ రోజు తేదీతో సహా, తప్పుతుంది.

వేళచ్చేరిదారి:
మొత్తాలు 12,34,567 అని లక్షల పద్ధతిలో కనిపిస్తాయో లేదో ముందే చూసుకోండి. మా వద్ద ఆడిటర్లు మొదటి రోజే దానికి అభ్యంతరం చెప్పారు.

వరుసలవాది:
గడిలెక్క గారూ, తేదీల విషయంలో నేను పొరబడ్డాను, ఒప్పుకుంటున్నాను. అయినా నా మాట మార్చుకోను, ఎందుకంటే నా అభ్యంతరం తేదీల గురించి కాదు. ఫార్ములా అనేది అసలు గడిలో ఉండకూడదు. ఒక ప్రాజెక్టులో ఒక ఉద్యోగి ఫార్ములా ఉన్న గడిలో పొరపాటున అంకె టైపు చేశాడు, ఆ అంకెతోనే కొటేషన్ కొనుగోలుదారుకు వెళ్లిపోయింది, నష్టం వచ్చాక సంజాయిషీ ఇచ్చుకోవలసి వచ్చింది నేను. 2020లో ఇంగ్లండులో దాదాపు 16,000 కోవిడ్ కేసుల వివరాలు సకాలంలో నమోదు కాకుండా పోయింది పాత ఎక్సెల్ ఫైలుకున్న 65,536 వరుసల పరిమితి వల్లే కదా. లెక్క సర్వరులో, పరీక్షలు రాసిన కోడులో ఉండాలి, తెర మీద గ్రిడ్ మాత్రమే ఉండాలి.

గడిలెక్క:
ఆ మాట మొదటే చెప్పి ఉంటే ఇంత దూరం వచ్చేది కాదు. మీరు చెప్పిన పొరపాటుకు మందు గడికి తాళం వేయడం, ఎవరు ఎప్పుడు ఏమి మార్చారో నమోదు చేయడం. మంచి కాంపోనెంట్లలో తాళం సిద్ధంగా ఉంటుంది, నమోదుకు కావలసిన ఈవెంట్లను (మార్పు జరిగిందని తెలిపే సంకేతాలను) అవి అందిస్తాయి. కానీ ఉక్కు ధర మారిన సాయంత్రం తరుగు శాతాన్ని ఎలా సర్దాలో తెలిసినది ఇరవై ఏళ్లుగా ఆ లెక్క వేస్తున్న మనిషికి. ఆమె మనకు టికెట్ (మార్పు కోరే అభ్యర్థన) పెట్టి, తర్వాతి విడుదల వరకు రెండు వారాలు ఎదురుచూడాలా? 1979లో విసికాల్క్ అనే తొలినాటి స్ప్రెడ్‌షీట్ ప్రోగ్రామ్ వచ్చినప్పటి నుంచి ప్రోగ్రామరు కోసం ఆగనక్కర లేకుండా లెక్క తెలిసినవారే లెక్క కట్టుకోవడానికే ఈ సాధనం ఉంది. దానిని వారి చేతిలోంచి తీసుకునే హక్కు మనకు లేదు.

వరుసలవాది:
తప్పు జరిగినప్పుడు సంజాయిషీ అడిగేది ఆమెను కాదు, మనల్ని. హక్కు ఆమెది, బాధ్యత మనది అంటే నేను అంగీకరించలేను.

గిండీవాసి:
మీ ఇద్దరి మాటలు చదివాక ఆ విభాగం అధికారిణికి ఫోన్ చేశాను. ధరలు వారం వారం మారుతాయట, ఫార్ములాల అమరిక మాత్రం ఏడాదికి ఒకటి రెండుసార్లే మారుతుందట.

వరుసలవాది:
అయితే ధరలకు ఒక పట్టిక, మిగతాదంతా కోడు. ఏడాదికి రెండు విడుదలలు మీకు భారం కావు.

గడిలెక్క:
ఆ రెండుసార్లు మార్చేది ఎవరో అడిగారా?

గిండీవాసి:
అడిగాను. తానే మార్చాలని, కావాలంటే మార్పు వివరాల కింద సంతకం చేస్తానని ఆవిడ అన్నారు. సోమవారం వారి వర్క్‌బుక్కులు మూడు తెచ్చి, మొదటి కాంపోనెంట్ ట్రయల్ ప్రతిలో దిగుమతి చేసి, ప్రతి గడి జవాబునూ ఎక్సెల్ జవాబుతో పోల్చి చూస్తాం.