రోడియం మానేసి ఎంజైమ్ పెట్టుకుంటే పరవాడ మందుల ప్లాంట్లకు కలిసొస్తుందా?

సీ షిఫ్ట్, గాజువాక:
రాత్రి కంపెనీ బస్సులో మొదలైన వాదన కూర్మన్నపాలెంలో దిగేదాకా తెగలేదు. షుగర్ మందు సిటాగ్లిప్టిన్ తయారీకి మొదట్లో రోడియం అనే లోహం ఉత్ప్రేరకంగా, 250 పీఎస్ఐ ఒత్తిడిలో హైడ్రోజన్ వాడేవారు. 2010లో మెర్క్, కోడెక్సిస్ కంపెనీల వాళ్లు అదే పని ట్రాన్సమినేజ్ ఎంజైమ్‌తో చేసి చూపించారు. దిగుబడి 10–13 శాతం పెరిగింది, వ్యర్థాలు 19 శాతం తగ్గాయి. హైడ్రోజన్ పక్కన నైట్ డ్యూటీలు చేసినవాణ్ని, నా ఓటు ఎంజైమ్‌కే.

ఈటీపీ బాబాయ్:
ఏటి తమ్ముడూ, అప్పుడే సంబరమా! ఆ రియాక్టర్‌లో సగం డీఎంఎస్ఓ అనే ద్రావకం ఉంటుంది. అది కుళ్లితే వచ్చే కంపు నీకు తెలీదు, ఈటీపీలో వ్యర్థజలాలు శుద్ధి చేసే మాకు తెలుసు. పైగా ఎంజైమ్ అంటే ప్రొటీన్. మందుని ద్రావకంలోకి లాగే ఎక్స్‌ట్రాక్షన్‌లో నీళ్ల పొర, ద్రావకం పొర విడిపోకుండా మజ్జిగలా కూర్చుంటుంది. ఒక ప్లాంట్‌లో (పేరు వద్దులే) ఆ పొర కోసం మూడు షిఫ్టులు కాపలా కాశాం.

బయోకెమిస్ట్రీ టీచర్, ఎంవీపీ కాలనీ:
ఎంజైమ్ కొత్తదేం కాదు. 1937లో మాస్కోలో బ్రౌన్‌స్టైన్, క్రిట్స్‌మన్ ఈ చర్యను కనిపెట్టారు. మన లివర్ టెస్టులో ఎస్‌జీపీటీ కూడా ఈ కుటుంబమే. ఒక అణువు నుంచి అమైనో సమూహాన్ని తీసి, బీ6 విటమిన్ నుంచి వచ్చే పీఎల్‌పీ మీద పెట్టుకుని, ఇంకో అణువుకి అప్పగిస్తుంది. చిక్కల్లా ఏమిటంటే, ఇది రెండు వైపులా నడుస్తుంది. ఇక్కడ అమైనో సమూహాన్ని ఇచ్చేది ఐసోప్రొపైలమీన్. ఇచ్చేశాక అది అసిటోన్ అవుతుంది. దాన్ని ఎప్పటికప్పుడు లాగేయకపోతే చర్య ముందుకు సాగదు. ఇంకో సంగతి, సహజంగా దొరికిన ఎంజైమ్ సిటాగ్లిప్టిన్‌గా మారాల్సిన కీటోన్ అణువుని అసలు ముట్టుకోలేదు. ఎంజైమ్ నిర్మాణంలో 27 మార్పులు చేశాకే దారికొచ్చింది. ఏడాదికో కొత్త మందు చేసే ప్లాంట్‌కి ప్రతిసారీ అంత మలచడం గిట్టుబాటు కాదు. ఒకే మందు ఏళ్ల తరబడి టన్నుల్లో చేసేవాళ్లకే ఇది లాభం.

సీ షిఫ్ట్, గాజువాక:
ఒప్పుకుంటా మేడమ్. కానీ రోడియం వాడితే చివర్లో దాన్ని కార్బన్‌తో తీయాలి, మందు అణువుకుండే కుడి ఎడమ (అద్దంలో ప్రతిబింబాల్లాంటి) రూపాలు వేరుచేయడానికి మళ్లీ క్రిస్టలైజేషన్ చేయాలి. ఎంజైమ్‌తో కావాల్సిన రూపమే 99.95 శాతానికి పైగా స్వచ్ఛతతో వస్తుంది. ఆ రెండు పనులూ పోతాయి కదా?

ఈటీపీ బాబాయ్:
పోతాయి, మీ బ్లాక్‌లో. వాడిన డీఎంఎస్ఓని తిరిగి పట్టే రికవరీ కాలమ్‌కి డబ్బెవరు పెడతారో ముందు అది చెప్పు.